కొలువు పోయినవాని న్యాయసభ

గ్రామపంచాయితీలో కష్టము కలిగినవాడు దానిని తన నోటితోనే చెప్పుకొనును. ఇంగ్లండు దేశమున యజమానికిని పనివానికిని పుట్టిన తగవులను గూడ ఇంచుమించుగా నట్లే తీర్పవలెనని యొక ప్రయత్నము జరిగెను. దాని చరిత్రయే నేటి ప్రసంగవిషయము.

1964వ సంవత్సరపు చట్టముచే అచ్చట పారిశ్రామిక ట్రిబ్యునళ్లు ఏర్పడెను. మొదట వాని పని స్వల్పము. పనివారి శిక్షణకై పరిశ్రమలపై వేసిన పన్నును గూర్చిన అప్పీళ్లను వినుటయే. 1965లో, పని లేదని తొలగింపబడినవారి పరిహారపు తగవులు వచ్చి చేరెను. 1971 చట్టముచే అన్యాయపు బర్తరఫు ఫిర్యాదులును చేరెను. న్యాయశాస్త్ర మెరిగిన యధ్యక్షుడును, యజమానుల వ్యవహార మెరిగిన యొకడును, కార్మికుల వ్యవహార మెరిగిన మరియొకడును కలసి విచారించెడివారు. ఈ సభలు ఆడంబరము లేక, శీఘ్రముగను అల్పవ్యయముతోను తీర్పు చెప్పవలెనని 1968లో లార్డ్ డోనొవన్ గారి కమిషను కోరెను.

కోరిక మంచిదే. కాని చట్టము ఏటేట పెరిగినది. యజమాని బారిస్టరును తెచ్చుకొనును. కొలువు పోయినవానికి ఆ సొమ్మెక్కడిది? మన దేశమున 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము వేరు త్రోవ త్రొక్కెను. ఎదుటి పక్షపు సమ్మతియు ట్రిబ్యునలు అనుమతియు లేనిదే ప్లీడరు రాగూడదని యది విధించెను. ఇంగ్లండులో అట్టి నిషేధము లేదు. అయితే పనివాని పక్షమున ఎవరైనను మాటాడవచ్చును, పట్టా అక్కరలేదు. ఈ సందునుండియే 1972లో లండనున ఉచిత ప్రాతినిధ్య సంఘము పుట్టెను. న్యాయవిద్యార్థులే అందలి వాదకులు. వీరు ముందు విచారణను కన్నులార చూచి, పరీక్షలో నెగ్గి, పెద్దల కనుసన్నలలో ఒక నిజమైన మనుష్యుని తగవును చేపట్టుదురు.

వారు మొదట నేర్చునది గడువు. బర్తరఫు ఫిర్యాదును సామాన్యముగా మూడు నెలలలోపున దాఖలు చేయవలెను. దాటినచో, సకాలమున వేయుట సాధ్యము కాలేదని రుజువు చేయనిదే ఎంతటి న్యాయమైన ఫిర్యాదును వినబడదు. పిదప నేర్చునది తేదీల పట్టిక. ఇది చూచుటకు గుమాస్తా పనివలె నుండును. నా యెన్నికలో వాదమునకు ప్రాణమిదియే. పనివానిని పిలిచి సంజాయిషీ విన్నది శుక్రవారమనుకొందము. బర్తరఫు ఉత్తరము బుధవారమే టైపయినదని కాగితములలో తేలినచో, ఆ సంజాయిషీ వట్టి తంతేయని వేరుగ చెప్పనక్కరలేదు. అప్పుడు యజమాని పక్షపు సాక్షిని అడుగవలసినది రెండు చిన్న ప్రశ్నలు. ఉత్తరమును వ్రాసినదెన్నడు? సంజాయిషీ విన్నదెన్నడు? మూడవది అడిగితిమా, తప్పించుకొనుటకు వానికి దారి చూపినవారమగుదుము. ఎచ్చట ఆగవలెనో పుస్తకము నేర్పలేదు.

1998లో ఈ సభలకు ఉద్యోగ ట్రిబ్యునళ్లని పేరు మారెను. 2013 జూలైలో ప్రభుత్వము రుసుము విధించెను. బర్తరఫు ఫిర్యాదు చివరి విచారణదాక నడచుటకు మొత్తము 1,200 పౌనులు! బీదలకు కొంత మినహాయింపున్నను, ఫిర్యాదులు మూడింట ఒక వంతుకు పడిపోయెను. గెలిచినను వచ్చునది రుసుము పాటి చేయని చిన్న జీతపు బాకీలను జనులు విడిచిపెట్టిరి. యూనిసన్ అను కార్మికసంఘము న్యాయస్థానముల కెక్కెను. క్రింది న్యాయస్థానములలో ఓడియు విడువలేదు. 2017 జూలై 26వ తేదీన సుప్రీముకోర్టు, ఆ రుసుము న్యాయస్థానపు వాకిటిని ప్రజలకు మూసినదనియు, మొదటినుండియు చట్టవిరుద్ధమేయనియు తీర్పు చెప్పెను. కట్టినవారికి ఆ సొమ్మును ప్రభుత్వము తిరిగి చెల్లింపవలసి వచ్చెను.