ఏడెకరాల నీడ మీద పడిన నింద

న్యూయార్క్ వాల్ స్ట్రీట్ చుట్టుపక్కల 1920ల్లో లేచిన ఆఫీసు భవనాలకు ఒక పోలిక ఉంది. కొంత ఎత్తు దాకా నిటారుగా లేచి, ఆపైన మెట్లు మెట్లుగా వెనక్కి తగ్గుతాయి. బ్రాడ్‌వేలో 120వ నంబరు ఈక్విటబుల్ భవనం అలా కాదు. 38 అంతస్తులూ ఒకే తీరున, రోడ్డు అంచు నుంచే నిలువుగా పైకి పోతాయి.

ఈ తేడాకు అందరూ చెప్పే కథ ఒకటుంది. 1915లో ఈ భవనం పూర్తయి ఏడెకరాల మేర నీడ పరిచింది, జనం గగ్గోలు పెట్టారు, ఎత్తు పెరిగేకొద్దీ భవనాలు వెనక్కి తగ్గాలంటూ 1916 జులై 25న నగరం జోనింగ్ చట్టం తెచ్చింది. వినడానికి బాగానే ఉంది. తారీకులు చూస్తేనే అనుమానం మొదలవుతుంది.

భవనాల ఎత్తు సంగతి తేల్చమని నగరం ఎడ్వర్డ్ బాసెట్ అధ్యక్షతన కమిషన్ వేసింది 1913లో. ఈక్విటబుల్ పాత భవనం 1912 జనవరిలో కాలిపోయింది, కొత్తది పూర్తి కావడానికి ఇంకా రెండేళ్లుంది. నీడ పడకముందే పంచాయితీ మొదలైందన్నమాట!

చట్టంలోని ఒక నిబంధన ఇంకా వెనక్కి తీసుకెళుతుంది. స్థలంలో నాలుగో వంతు మీద మాత్రం టవర్ ఎంత ఎత్తయినా లేపుకోవచ్చు. ఈ ఆలోచనను అంతకు చాలా ముందే ప్రచారం చేసినవాడు ఎర్నెస్ట్ ఫ్లాగ్. ఈక్విటబుల్‌కు కూతవేటు దూరంలో, 1908లో, 612 అడుగుల సన్నటి సింగర్ టవర్ కట్టిన ఆర్కిటెక్టు ఆయనే. ఆకాశహర్మ్యాలు కట్టే మనిషే వాటికి పగ్గం కావాలన్నాడు.

నాకు అన్నిటికంటే గట్టి ఆధారం అనిపించేది వేరే. ఆ చట్టం ఎత్తులతో ఆగలేదు. ఏ వీధిలో ఇళ్లుండాలో, ఎక్కడ వ్యాపారాలు నడవాలో కూడా గీతలు గీసింది. నీడ గొడవకు ఆ గీతలతో పనేముంది? జవాబు కొన్ని మైళ్లు ఉత్తరాన, ఫిఫ్త్ అవెన్యూలో దొరుకుతుంది. బట్టలు కుట్టే కార్ఖానాలు అక్కడి ఖరీదైన దుకాణాల దాకా పాకాయి. మధ్యాహ్నం భోజనం వేళ వేలమంది వలస కార్మికులు కాలిబాటల మీదకు వచ్చేవారు. షావుకార్లకు అది కంటగింపు. 1916 మార్చిలో వాళ్లు పత్రికల్లో పెద్ద ప్రకటన వేశారు: ఈ ప్రాంతం బయట కార్ఖానాలున్న తయారీదారులకే కొనుగోళ్లలో మొగ్గు చూపుతామని. వెలుతురు, గాలి అన్న మంచి మాటల వెనక ఈ చిన్నచూపు కూడా ఉంది. కథ చెప్పేవాళ్లు దీన్ని దాటేస్తారు.

అలాగని ఈక్విటబుల్‌కు ఏ పాత్రా లేదనలేం. ఎకరం నిండని స్థలంలో 12 లక్షల చదరపు అడుగుల ఆఫీసు జాగా ఒక్కసారిగా అద్దెకొచ్చింది. చుట్టుపక్కల భవనాలకు వెలుతురు పోయింది. చీకటి గదికి అద్దెలూ తగ్గుతాయి. మామూలుగా ఆంక్షలంటే మండిపడే యజమానులకు, రేపు తమ పక్కన ఇలాంటిదే లేస్తే ఏమిటన్న భయం పట్టుకుంది. చట్టం పుట్టించింది ఈ భవనం కాదు. చట్టానికి అడ్డుపడేవాళ్ల నోరు కట్టడంలో మాత్రం దాని చెయ్యి ఉందని నా అంచనా.

చట్టం రాకముందే కట్టింది కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 1978లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు కూడా దక్కింది. ఫ్లాగ్ కట్టిన సింగర్ టవర్‌ను అంతకు పదేళ్ల ముందే కూల్చేశారు.