కొలువు అడిగే భాష

మా కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతాలలో కొలువుకు ఎప్పుడూ పరభాషే వాకిలి. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వెలసింది. ఇంట తెలుగో, గోండియో పలికే పిల్లవానికి సర్కారు కొలువు కావాలంటే ఉర్దూ తప్పనిసరి. 1948లో నిజాం పాలన ముగిసిన పిదప ఉస్మానియా బోధన ఇంగ్లీషుకు మారింది. కష్టపడి గడించిన ఉర్దూ చదువుకు విలువ తరిగింది. 1969లో విద్యార్థులను వీధికి తెచ్చిన వాటిలో ఈ కొలువుల బాధ ముఖ్యమైనది.

2008లో కరీంనగరుకు శాతవాహన విశ్వవిద్యాలయం, నాటి ఆదిలాబాదు జిల్లాలోని బాసరకు ట్రిపుల్ ఐటీ వచ్చాయి. బాసరలో పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలకు ఆరేండ్ల సాంకేతిక విద్య. 2014లో ఏర్పడిన ‘టాస్క్’ సంస్థ కళాశాల విద్యార్థులకు సంభాషణ, ఇంటర్వ్యూ మెలకువలు నేర్పే పని చేపట్టింది.

సంతోషమే. కాని ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ‘నీ గురించి చెప్పు’ అన్నదట. మా వద్ద చదివిన పిల్లలు అక్కడే తడబడతారు. నేను ఏండ్ల తరబడి సంధులు విడదీయించాను, ప్రతిపదార్థాలు అప్పగించుకున్నాను. తన గురించి నాలుగు వాక్యాలు నిలబడి చెప్పమని ఒక్క పిల్లవానినైనా అడగలేదు. అవి ముందు తెలుగులో వస్తే గదా, ఇంగ్లీషులో వచ్చేది! విశ్వవిద్యాలయం దిద్దుతున్న ఆ లోపం మా తెలుగు తరగతిలోనే మొదలయింది.