చేతి తుపాకి తన్ను

పూర్వము మన దేశమున ఏనుగుపై అంబారీలో కూర్చుండి పులులను వేటాడిన ఆంగ్లదొరలు చేరువనే ఒక జంట గొట్టముల పిస్తోలు ఉంచుకొనెడివారు. గాయపడిన పులి ఏనుగుపైకి లంఘించినపుడు ప్రాణరక్షణకు అదియే ఆధారము. చేయి చాచినంత దూరమున పేల్చు ఆయుధమునకు గురికంటె బలమే ముఖ్యము. అది చేతిని ఎంత గట్టిగా తన్నినను సహింపవలసినదే. దూరమున నున్న మృగమును సైతము చేతి తుపాకితోనే కొట్టవలెనను కోరిక 20వ శతాబ్దమున అమెరికాలో బలపడినపుడు ఈ తన్ను పెద్ద చిక్కు అయినది.

1935లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ .357 మాగ్నం రివాల్వరును వెలువరించినది. ఐడహో రాష్ట్రపు వేటగాడును రచయితయునగు ఎల్మర్ కీత్‌కు అది చాలలేదు. .44 స్పెషల్ తూటాలలో తానే మందు దట్టించి ఏండ్ల తరబడి ప్రయోగములు చేసెను. ఆయన పట్టుదల ముఖ్య కారణముగా 1955 చివర .44 మాగ్నం రివాల్వరు తయారైనది. అందుండి పదునైదున్నర గ్రాముల గుండు సెకనుకు సుమారు 440 మీటర్ల వేగమున వెడలును. చర్యకు ప్రతిచర్య సమానమని న్యూటను 1687లోనే చెప్పియున్నాడు గదా! కిలో మూడువందల గ్రాములు దాటిన ఆ ఇనుము సెకనుకు అయిదు మీటర్లకు మించిన వేగముతో అరచేతిని తన్నును. గొట్టము చేతికన్న ఎత్తున నుండుటచే మూతి పైకి లేచును.

గుండు వెడలిన పిమ్మట మూతి లేచిన నేమి యని శ్రోతలు అడుగవచ్చును. గుండు గొట్టములో నుండగనే ఆ కదలిక మొదలగును. పట్టు మారినచో గురియు మారును. అంతకన్న పెద్ద చిక్కు మనసుది. ఒకసారి దెబ్బ తిన్న చేయి మరుసారి మీట నొక్కకముందే బెదరును. ఆ బెదురువలన గుండు గుండెకు తగులక పొట్టకు తగిలినచో, జింక గంటల తరబడి నెత్తురోడుచు అడవిలో తిరుగును. వేటగాని కీర్తి మాట అటుంచి, మేము ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము ఇదియే.

1956లో రూగర్ సంస్థ చేసిన .44 రివాల్వరుకు 1873 నాటి కోల్టు పిడివంటి పిడి యుండెను. అది అరచేతిలో దొర్లి తన్నును కొంత మెత్తపరచెడిది గాని, మీట చుట్టునున్న కమ్మి వ్రేలి కణుపులను చితుక గొట్టెడిది. 1959లో పిడిని పొడిగించిరి. తరువాత కొందరు గొట్టము మూతికడ పైభాగమున రంధ్రములు తొలిచిరి. మందు కాలిన ఆవిరి పైకి చిమ్మి మూతిని క్రిందికి అదిమిపెట్టును. అయితే పేల్చువాని చెవికి ఆ మ్రోత మరింత బాధ. 2003లో వచ్చిన .500 మాగ్నంకు అట్టి ఏర్పాటుతోపాటు రెండు కిలోల బరువును కలదు.

.44 మాగ్నం రివాల్వరులో బలము తక్కువైన పాత స్పెషల్ తూటాలును పట్టును. వేటకు పోవుటకు ముందు వానితోనే చేతికి బెదురు తీర్చుకొనువారు కలరు.