కోళ్ల జాలి కథ

పోయిన వానాకాలం ఒక తెల్లవారుజామున లేచి చూస్తే మా పెరట్లో ఏడు కోళ్లకు మూడే మిగిలాయి. గుంజలు నిలబడే ఉన్నాయి, తలుపు గొళ్లెం వేసినట్టే ఉంది. ఒక మూల మాత్రం జాలి చిరిగి, ఆ తీగల కొసలకు ఈకలు చిక్కుకుని ఉన్నాయి. ఊరకుక్క పళ్లతో పట్టి గుంజిందని అడుగులే చెప్పాయి. మా అవ్వ వచ్చి చూసి ఒక్క మాట అంది: "ఇది కోడిని బయటికి పోనియ్యదు గని బిడ్డా, కుక్కను లోపలికి రాకుంట ఆపుతదా?"

ఆ మాట పట్టుకుని నేను జాలి పుట్టుక దాకా వెళ్లాను.

మా బెల్లంపల్లిలో వెనకటి ఇళ్లకు కోళ్ల కంచె అన్నదే లేదు. పెరటి దడి కూరపాదుల కోసం. కోడి పగలంతా వాకిట్లో, పెంటకుప్ప మీద మేసేది, పొద్దుగూకగానే మేదరివారు అల్లిన వెదురు గంప కిందికి చేరేది. గంప మీద ఒక బరువు పెడితే రాత్రి గడిచిపోయేది. బొగ్గు గనులు వచ్చాయి, వరసలు వరసలుగా క్వార్టర్లు వచ్చాయి, పక్కింటి పూలమొక్కలను కోడి గీరితే తగవులు వచ్చాయి. అలా కోడిని పగలు కూడా ఒకచోట ఉంచాల్సిన అవసరం పుట్టింది. అప్పటికే దానికి తగిన వస్తువు దూరదేశంలో తయారై ఉంది.

ఆ దూరదేశం ఇంగ్లండ్. నార్విచ్ పట్టణం ఉన్నిబట్టల నేతకు పేరుపడ్డది. అక్కడ చార్లెస్ బర్నార్డ్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి ఉండేవాడు. ఊరినిండా ఆడుతున్న మగ్గాలను చూస్తూ, నూలు బదులు తీగతో నేస్తే ఏమవుతుందని ఆలోచించి, 1844లో తీగను వలగా అల్లే యంత్రం కట్టాడు. జాలి కన్ను ఆరుమూలలుగా ఎందుకుంటుందో ఆ పనితీరులోనే ఉంది. తీగలన్నీ నిలువుగా సాగుతాయి. ప్రతి తీగా ముందు ఎడమపక్క తీగతో రెండు మూడు మెలికలు పడుతుంది, కొంచెం సాగాక కుడిపక్క దానితో మెలికపడుతుంది. అలా అటూ ఇటూ జతలు మారుతుంటే మధ్య ఖాళీలు తమంతట తామే ఆరుమూలలవుతాయి. మేదరి గంపల్లోనూ అదే ఆకారపు కళ్లు కనిపిస్తాయి కానీ అక్కడ వెదురు బద్దలు మూడు దిక్కుల నుంచి ఒకదాని కింద ఒకటి దూరుతాయి, మెలికే ఉండదు. కంటికి ఒకటే, చేతికి వేరు.

మెలికతో లాభం చాలా ఉంది. జాలిని చాపలా చుట్టవచ్చు, ఎత్తుపల్లాల నేల మీద వంచవచ్చు, ఒకచోట తెగినా మొత్తం ఊడిపోదు. అయితే యంత్రం మెలితిప్పాలంటే తీగ మెత్తగా, సన్నగా ఉండాలి. అసలు బలహీనత పుట్టింది అక్కడే.

ఇనుప తీగ వానకు తుప్పు పట్టకుండా చూసిన వాడు ఫ్రెంచి ఇంజనీరు స్టానిస్లాస్ సోరెల్. ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి 1837లో పేటెంటు తీసుకున్నాడు. మనం 'జీఐ తీగ' అంటున్నది ఆ పూత వేసిన తీగనే. పైన గీత పడ్డా చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఐరోపా వాళ్లు జింకును పెద్ద ఎత్తున తీయడం నేర్వకముందే, రాజస్థాన్‌లోని జావర్‌లో మట్టి మూసలు తలకిందులుగా పెట్టి, ఆవిరైన జింకును చల్లార్చి పట్టేవారు. ఆ కొలిమిల గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

జాలికి గొప్ప పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగింది. 1859లో వేట సరదాకు విడిచిన కొద్ది కుందేళ్లు ఖండంలో చాలా భాగానికి పాకాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1901 నుంచి 1907 దాకా 1,833 కిలోమీటర్ల కంచె వేయించింది. కుందేలు తవ్వుతుందని జాలి అడుగుభాగాన్ని నేలలోకి దించారు. కంచె పూర్తి కాకముందే కుందేళ్లు అవతలికి చేరాయి, అది వేరే సంగతి. కానీ అడుగు పాతిపెట్టకపోతే కంచె కంచె కాదన్న పాఠం రైతులకు మిగిలింది.

కుక్కను ఆపే జాలి మాత్రం వేరే దారిలో పుట్టింది. అమెరికాలో ఎలిహు థామ్సన్ విద్యుత్తు మీద ప్రయోగాలు చేస్తుండగా ఆనుకుని ఉన్న తీగల కొసలు అతుక్కుపోవడం గమనించాడు. 1886లో విద్యుత్ వెల్డింగుకు పేటెంటు వచ్చింది. ఒకదానిపై ఒకటి నొక్కిపెట్టిన రెండు తీగల్లోంచి కరెంటు పోతే, ఆనిన చోటే వేడెక్కి ఒకటవుతాయి. 1901లో మసాచుసెట్స్‌కు చెందిన జాన్ పెర్రీ దాన్ని తీగల జాలికి వాడే యంత్రం తెచ్చాడు. ఇక మెలిక అక్కర్లేదు. అందుకే మందపు తీగ వాడవచ్చు, ప్రతి కూడలీ దేనికదే గట్టిగా ఉంటుంది. అదే మన వెల్డ్ మెష్.

మా ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో 'చికెన్ మెష్' అడిగితే ఇచ్చేది చాలావరకు మేస్త్రీలు కాంక్రీటుకూ ఇటుకకూ మధ్య గిలాబులో వేసే సన్న జాలి. నేను కొన్నదీ అదే. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని నాకు అప్పుడు తెలియదు. 22 గేజ్ అంటే 0.7 మిల్లీమీటర్లు, 16 గేజ్ అంటే 1.6. కన్ను వెడల్పు కూడా చూడాలి. ముంగిస తల దూరితే ఒళ్లు దూరినట్టే.

ఈసారి నేలనుంచి మూడడుగులు అరంగుళం కన్ను వెల్డ్ మెష్ వేశాను. అడుగున ఒక అడుగు జాలిని బయటివైపు వంచి మట్టి కప్పాను. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది, అక్కడే కాళ్లకు జాలి తగులుతుంది. ఆ పైభాగానికి, గద్దలు రాకుండా కప్పుకు పాత ఆరుమూలల జాలే చాలింది. రాత్రికి కోళ్లు విడిగా చెక్క గూట్లోకి వెళ్తాయి. జాలి కొనేటప్పుడు అల్లాక జింకులో ముంచినదా, ముందే పూసినదా అని అడిగాను. అల్లాక లేక వెల్డ్ చేశాక ముంచినదైతే కూడళ్లు కూడా మూసుకుంటాయి.

ఒక్క విన్నపం. మా ఊరికి కవ్వాల్ అడవి దగ్గర. కోళ్ల కోసమైనా, పంట కోసమైనా కంచెకు ఇంటి కరెంటు తగిలించకండి. అలాంటి తీగలకు ఈ అడవుల్లో పులులు చచ్చాయి, రాత్రి పొలానికి పోయిన మనుషులూ చచ్చారు.