ఉప్పునీళ్లు దిగాక

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర కావస్తుండగా సుమత్రా దగ్గర సముద్రగర్భం చీలింది. ఆ చీలిక ఉత్తరంగా సుమారు 1,300 కిలోమీటర్లు పాకి అండమాన్ దీవుల దాకా వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నేల దాదాపు మీటరు కుంగింది. వెనకే సునామీ. చాథం జెట్టీకి అవతలి ఒడ్డున, బాంబూ ఫ్లాట్‌లో, హైదరాబాద్ సంస్థ సూర్యచక్ర నడుపుతున్న 20 మెగావాట్ల డీజిల్ పవర్‌హౌస్‌లోకి ఉప్పునీళ్లు చొరబడ్డాయి. ఉత్పత్తి ఆగిపోయింది.

మన దగ్గరైతే ఇంకో సబ్‌స్టేషన్ నుంచి కరెంటు మళ్లిస్తారు. మన గ్రిడ్ తీగ ఆ దీవులకు చేరదు. అక్కడి కరెంటు అక్కడే పుట్టాలి. మోటారు కాలిపోతే కొత్తది చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడ మీద రావాలి. మామూలు రోజుల్లోనే అది రెండు మూడు రోజుల ప్రయాణం. అలాంటి చోట మునిగిన యంత్రానికి తొందరపడి స్విచ్ వేస్తే ఉన్నదీ పోతుంది. ఆ తొందరను ఆపిన పరికరం గురించే ఈ కథ. నీట మునిగిన ఏ పవర్‌హౌస్‌లోనైనా స్విచ్ వేసే ముందు ఈ కొలత జరగాలి. ఇందులోని మనుషులు, మాటలు, రీడింగులు నా ఊహ. కొలిచే పద్ధతి మాత్రం నిజం.

కూలింగ్ పంపు మోటారు బురద కడిగి ఉంది. పంపు తిరగకపోతే ఇంజిన్ వేడెక్కిపోతుంది, కాబట్టి ముందు దీని సంగతి తేల్చాలి. పెద్దాయన చూస్తుండగా కుర్రవాడు టెర్మినల్ బాక్స్ విప్పి మల్టీమీటర్ పెట్టాడు.

“బాడీకి ఎక్కడా తగలట్లేదు గురువుగారూ. బాగానే ఉంది.”

“అందులో ఉన్నది చిన్న బ్యాటరీ. ఈ వైండింగ్ మోయాల్సింది 415 వోల్టులు. మెగ్గర్ తీయి.”

మల్టీమీటర్ కొన్ని వోల్టులతోనే అడుగుతుంది. ఆ కాస్త ఒత్తిడికి తడిసిన ఇన్సులేషన్ కూడా ఒక్కోసారి గట్టిగానే నిలబడుతుంది. అసలు వోల్టేజీ పడ్డప్పుడే లోపలి తడి దారి ఇస్తుంది. సిడ్నీ ఎవర్షెడ్ 1889లో ఇంగ్లండులో చేసిన పరికరం నుంచి వచ్చిందే, ఆ ఒత్తిడి పెట్టి ఇన్సులేషన్ రెసిస్టెన్స్‌ను మెగోమ్‌లలో కొలిచే మెగ్గర్. 1903లో ఆ పేరు రిజిస్టరైంది. పాత రకంలో పెట్టెలోనే చిన్న జనరేటర్ ఉంటుంది. పిడి తిప్పితే 500 వోల్టుల డీసీ పుడుతుంది. ముల్లును పట్టి ఉండేది స్ప్రింగ్ కాదు, ఒకే అయస్కాంతంలో ఎదురెదురుగా లాగే రెండు కాయిల్స్. ఒకటి వోల్టేజీకి, ఒకటి కారే కరెంటుకి స్పందిస్తుంది. రెంటి నిష్పత్తి మీదే ముల్లు నిలుస్తుంది కనుక చెయ్యి కాస్త నెమ్మదించినా రీడింగ్ మారదు. కరెంటు పోయిన చోటే పని చేయాల్సిన పరికరానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు తోచదు.

ఒక వైరు ఫేజుకి, ఒకటి బాడీకి. కుర్రవాడు పిడి తిప్పాడు. ముల్లు సున్నా పక్కకి పడిపోయింది. 0.2 మెగోమ్‌లు.

“కాలిపోయిందా?”

“తడి. ఉప్పు కూడా. ముందు మంచినీళ్లతో బాగా కడగాలి. ఉప్పు మిగిలితే గాలిలో చెమ్మను పీలుస్తూనే ఉంటుంది, ఎంత ఆరబెట్టినా లాభం లేదు.”

కడిగారు. పెద్ద బల్బులు చుట్టూ పెట్టి వేడి చేశారు. గంట గంటకూ మెగ్గర్. రెండో రీడింగ్ 0.1.

“తగ్గిపోయింది గురువుగారూ! వేడికి ఇన్సులేషన్ చెడుతోంది, ఆపేద్దామా?”

“ఆపకు.”

వేడెక్కితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ పడిపోతుంది. సుమారుగా ప్రతి పది డిగ్రీలకు సగమవుతుందని లెక్క. లోపలి తడి బయటికి నడుస్తున్నప్పుడు కూడా ముల్లు దిగుతుంది. ఆ తర్వాత చాలాసేపు కదలదు. అక్కడ ఓపిక పట్టినవాడికే అది లేచేది కనిపిస్తుంది. అనుభవజ్ఞులు ఒక్క రీడింగ్‌ను నమ్మరు. గంట, ఉష్ణోగ్రత, మెగోమ్‌లు పక్కపక్కన రాసుకుని ఎటు పోతోందో చూస్తారు.

మర్నాడు 1 దాటింది. సాయంత్రానికి 6. పాత లెక్క ప్రకారం మోటారు వోల్టేజీ ఎన్ని కిలోవోల్టులో అంతకు ఒకటి కలిపినన్ని మెగోమ్‌లు, అంటే దీనికి ఒకటిన్నర చాలు. పెద్దాయన ఒప్పుకోలేదు.

“ఎక్కుతోంది కదా, ఎక్కనీ. నిలబడ్డాక చూద్దాం.”

ఆ రాత్రి 20 దగ్గర ఆగింది, మూడు గంటల పాటు అక్కడే. కుర్రవాడు వైరు తీయబోతే పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. టెస్టు అయ్యాక వైండింగ్‌లో చార్జి మిగిలి ఉంటుంది. దాన్ని బాడీకి తాకించి దింపాకే ముట్టుకోవాలి.

మోటారుకు మెగ్గర్ చాలు. భూమిలోని కేబుళ్లది వేరే కథ. వాటిలో ఫాల్ట్ ఉందని మాత్రమే మెగ్గర్ చెప్పగలదు. ఎక్కడో తెలియాలంటే కేబుల్‌లోకి పల్స్ పంపి ప్రతిధ్వని కొలవాలి. పల్స్ మైక్రోసెకనుకు 160 మీటర్లు పోయే కేబుల్‌లో 10 మైక్రోసెకన్లకు తిరిగొస్తే, దెబ్బ 800 మీటర్ల దూరంలో ఉన్నట్టు.

పొద్దున్నే చిన్న జనరేటర్ సెట్ మీద స్విచ్ వేశారు. మోటారు గుర్రుమని అందుకుంది. పెద్దాయన కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌ను మూడు ఫేజులకూ వరసగా తగిలించాడు. ఆంపియర్లు దాదాపు సమానం. చెయ్యి వేసి బేరింగు చూశాడు.

“ఇది సరే. రెండో పంపు కడుగు.”