ఆగిన బస్తాలు

ఫాల్గుణం ఎండ. రొద్దం మండలంలో ఓ దూదేకుల ఇంటి పంచలో బండ మీద చింతగింజ టక్కుమని ఎగిరింది. సుత్తి జారి బొటనవేలికి తగిలింది. రక్తం కొంగుకు తుడుచుకుని ఆమె మళ్లీ బండ దగ్గరే కూర్చుంది. గాయానికి పులుపు తగిలితే ఎంత మంటో ఆ పని చేసేవాళ్లనే అడగాలి.

ఈమె ఒక్క మనిషి కాదు. ఈ చుట్టుపక్కల ఇలా బతికే ఆడవాళ్లను కలిపి నేను రాసుకున్న మనిషి. అందుకే పేరు పెట్టలేదు. ఊళ్లూ, నేను చెప్పబోయే సంస్థా మాత్రం నిజం.

మగడు ధర్మవరంలో కూలి మగ్గం నేస్తాడు. ఆమె చింతపండు పనికి పెట్టుబడి ఏటా షావుకారిదే. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ అంటే పదివేలకు ఏడాదికి ఆరువేలు. అప్పు తీర్చాలంటే కొట్టిన పండు ఆ వారమే అమ్మాలి. ఊరంతా అమ్మేదీ ఆ వారమే, ధర పడేదీ అప్పుడే. నన్నడిగితే ఆమెను ముంచింది వడ్డీ కన్నా ఆ తొందరే.

1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మిత్రులతో కలిసి చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడులో టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. చెట్లతో మొదలైన పని ఆడవాళ్ల పొదుపు దాకా వచ్చింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఆ పొదుపులు సహకార సంఘాలయ్యాయి. సొమ్మూ వాళ్లదే, పెత్తనమూ వాళ్లదే.

అలాంటి ఓ సంఘంలో ఆమె అప్పు అడిగిన సాయంత్రం.

"పోయిన కంతు ఎనిమిది దినాలు లేటు," అంది పుస్తకం రాసే పిల్ల.

"పెనుకొండ ఉరుసుకు పోయుంటి పాపా."

"బాబయ్య దర్గాకు మేమూ పోయినాం. కంతు కట్టే పోయినాం," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

చాప మీదోళ్లంతా నవ్వారు. ఆ అన్నామె హామీ సంతకం మొదట పెట్టింది.

సంఘం అప్పు తీసుకున్న ఆమె ఆ ఏడు తక్కువ రకం 'ప్లవర్' పండును ఇంటి ఖర్చులకు అమ్మేసింది. మేలైన 'కరిపులి' బస్తాలను హిందూపురం కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. ఆమె సరుకు ధర కోసం ఆగడం అదే మొదలు. వానల్లో గుంట మగ్గంలోకి తేమ దిగి మగని పని నిలిచింది. ఒక కంతు తప్పింది, జరిమానా పడింది. బస్తాలు మాత్రం కదల్లేదు. శ్రావణంలో అమ్మితే బాడుగ పోగా కాస్త మిగిలింది. గొప్పేం కాదు.

మళ్లీ మాఘంలో షావుకారు ఆమె ఇంటి ముందు బండి ఆపాడు.

"ఈ ఏడు రాలేదేమ్మా?"

"గింజలు నాలుగు బస్తాలున్నాయి. కొంటావాన్నా?"