స్వగృహము - సహకారము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెతలో మన పెద్దలు ఇంటినే మొదట నిలిపిరి. పెండ్లి విషయమున కులసంఘములన్నియు యథాశక్తి తోడుపడుచునే యున్నవి. వధూవరుల పట్టికలు, కల్యాణమండపములు, బీదకన్యల వివాహమునకు చందాలు మనకు క్రొత్తవి కావు. ఇంటి విషయమున మాత్రము ఎవరి తంటాలు వారివే యని ఊరకున్నాము. స్వల్పాదాయముగల కుటుంబమునకు సొంత యిల్లు సమకూర్చుటకై లాభాపేక్ష లేని సంఘములు ఇతరులతో చేయి కలిపిన చరిత్ర మన ప్రాంతమునకు దూరమైనది కాదు. దానిని మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణుల ముందుంచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

‘వాస్తు’ శబ్దము నివాసార్థకమైన ‘వస’ ధాతువునుండి పుట్టినది. నేడది దిక్కులకును మూలలకును పరిమితమైపోయినది గాని, కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణము చూచినచో దాని విస్తారము తెలియగలదు. ఇల్లు, పొలము, తోట, కట్ట, చెరువు అన్నియు అచట వాస్తువులే. వానినిగూర్చిన తగవులను ఇరుగుపొరుగువారి సాక్ష్యము ననుసరించి తీర్చవలెనని యాతడు విధించెను. ఒకని యిల్లు ఆతనిదే యని లోకమునకు చెప్పవలసినవారు పొరుగువారు. ఇల్లు గోడలమీద ఎంత నిలుచునో, పొరుగువారి నమ్మకముమీదను అంత నిలుచునని దీని తాత్పర్యముగా నేను గ్రహించితిని.

ఈ నమ్మకమునే మూలధనముగా చేసికొని పుట్టినది సహకారోద్యమము. మన దేశమున 1904లో వెలువడిన తొలి సహకారచట్టము ఋణసంఘములకే పరిమితము. వడ్డీవ్యాపారుల చేతులలో చిక్కిన రైతును విడిపించుటయే దాని ముఖ్యోద్దేశము. 1912 నాటి చట్టము ఆ హద్దును తొలగింపగా గృహనిర్మాణ సంఘములకు దారి యేర్పడినది. 1915లో బొంబాయిలోని గాందేవి ప్రాంతమున సారస్వతులు తమ గృహసహకార సంఘమును రిజిస్టరు చేయించిరి. ఉద్యోగములకై నగరమునకు వచ్చి అద్దెయిండ్లలో ఇరుకున పడుచున్న మధ్యతరగతివారు ఒకరి కొకరు పూచీపడి, ఒక్కరివలన కానిదానిని పలువురు కలిసి సాధించిరి. ఒక కులమువారు ఒండొరుల నెరిగినవారు గనుక ఆ పూచీ సులభమయ్యెను. కులసంఘములవారమైన మనము గమనింపదగిన ఉదాహరణ మిది. దీని గుణము ఎంత స్పష్టమో, దీని పరిమితియు అంత స్పష్టము: ఆ వలయమునకు వెలుపల నున్నవానికి పూచీ పడువా రెవరు?

చెన్నపురి రాష్ట్రమున 1932లో ప్రత్యేక సహకారచట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1964లో మరియొకటి వచ్చినది. వీని నీడను పట్టణములలో గృహనిర్మాణ సంఘములు పెక్కు వెలసినవి. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు వానివలన ఇండ్లు కట్టుకొనిరి. అయితే వాటాధనము ముందుగా చెల్లింపవలెను, నెలజీతపు రుజువు చూపవలెను, హామీదారును తేవలెను. దినకూలికి ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. కావున సహకారము జీతగానివరకు దిగివచ్చి, కూలివాని గుమ్మము ముందు ఆగిపోయినది.

జీతగానికైనను సర్వత్ర మేలు జరిగినదని చెప్పజాలను. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక సంఘమున సభ్యుడనై నెలనెల సొమ్ము చెల్లించితిని. దాని పేరు చెప్పుట నా యుద్దేశము కాదు. పదునొకండేండ్లు గడచిన పిదప, ఆ సంఘము కొన్న భూమిపై దావా యున్నదని తెలిసినది. స్థలము రాలేదు; అసలులో కొంత మాత్రము తిరిగి వచ్చినది. నా యింటి యిల్లాలు ఆ సొమ్మునకై మాన్పుకొన్న చిన్న చిన్న కోరికలు తిరిగి రాలేదు. దస్తావేజు తేలనిదే ఇటుక పేర్చరాదని నేను నేర్చిన పాఠము. బడిలో నేను చెప్పిన పాఠములన్నింటికంటె ఇది ఖరీదైనది.

ఇక బీదవాని యింటి చరిత్రకు వత్తము. మన డెల్టాలో అది తుపానులతో ముడివడియున్నది. 1969 మే మాసమున కోస్తాలో వీచిన తుపాను పిమ్మట మైకేల్ విండీ అను బెల్జియము దేశపు జెసూట్ ఫాదిరి గుంటూరు కేంద్రముగా గ్రామ పునర్నిర్మాణ సంస్థను నెలకొల్పెను. ఇల్లు కూలినవానికి గంజి పోసి మరలిపోక, ఊరినే తిరిగి కట్టవలెననుట ఆ సంస్థ మార్గము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు పదివేలకు తక్కువ గాకుండ జనము మడిసిరి. నేను నాడు పదునేడేండ్ల విద్యార్థిని. బియ్యపు మూటలతో అవనిగడ్డ దిక్కుగా పోయినవారిలో ఒకడను. గుడిసె లుండిన తావులను గుర్తించుటకు పొయ్యిరాళ్లు తప్ప మరేమియు మిగులలేదు. తరువాతి యేండ్లలో ప్రభుత్వము స్థలము చూపగా, మతసంస్థలును సేవాసంఘములును దేశవిదేశముల విరాళములు తెచ్చి పక్కాయిండ్లు కట్టించిరి. ప్రభుత్వమును సేవాసంఘములును ఒక్క పనిపై కలిసి నిలుచుట మా తరమువారు కన్నులార చూచినది అప్పుడే.

అయినను అవి దానముగా వచ్చిన ఇండ్లు. విపత్తునందు దానమే ధర్మము. విపత్తు లేని సాధారణ కాలమున దానమునకు ఒక హద్దు కలదు: ఇచ్చిన సొమ్ము ఒక్క యింటితో ముగియును. ఈ చిక్కునకు మరియొక విరుగుడు మన పొరుగుననే మొలకెత్తినది. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, అమెరికస్ అను ఊర 1976లో మిలర్డ్ ఫుల్లర్ దంపతులు ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ భారతదేశమున తన పనిని 1983లో ఖమ్మమున ప్రారంభించినది. దాని మూలసూత్రములు మూడు. ఇంటిమీద లాభము తీయరాదు. కుటుంబము తన చెమటను పెట్టుబడిగా పెట్టి కట్టుబడిలో పాల్గొనవలెను. ఇంటి వెలను చిన్న వాయిదాలుగా తీర్చవలెను. ఆ వాయిదాలు మరియొకని యింటికి పునాది కావలెను.

దీని లెక్క ఐదవతరగతి బాలునికైనను తెలియును. పది యిండ్లకు సొమ్ము పెట్టి, ఒక్కొక్క కుటుంబము పదేండ్లలో అసలు మాత్రము తీర్చునట్లు ఏర్పరచినచో, ప్రతి యేట వచ్చు వాయిదాలు కలిసి ఒక యింటి వెల యగును. ఇటుక, సిమెంటు ధరలు పెరిగినకొలది ఆ సొమ్ము చాలక పోవును గనుక క్రొత్త దాతలు అవసరమే. అయినను దాతయొక్క రూపాయి చావక తిరుగుచుండును. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి: ఇల్లు పుచ్చుకొన్నవాడు మరుసటి మాసమునుండియే మరియొకనికి ఇచ్చువాడగును. పుచ్చుకొనుచేయి ఇచ్చుచేయిగా మారుట ఈ పద్ధతియొక్క సారము.

ప్రభుత్వమువారి కృషిని తక్కువ చేయరాదు. 1970లో కేంద్రప్రభుత్వము హడ్కోను, 1979లో మన రాష్ట్రప్రభుత్వము గృహనిర్మాణ సంస్థను ఏర్పరచినవి. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చినది. అంత విస్తారముగా ఇండ్లు కట్టుట ఏ సేవాసంఘమువలనను కాదు. భూమి నిచ్చి పట్టా చేయుట సర్కారువారికే సాధ్యము. అయితే ఏ కుటుంబము ఎంత తీర్చగలదు, ఎవరి యింట రోగమున్నది, ఎవరికి పని తప్పినది అను సంగతులు కచేరీ కెరుకపడవు, పొరుగువారికి తెలియును. కావుననే ఇరువురును కలియవలెను.

నేను నివసించు గుణదలలో ఈ అవసరము కన్నుల ముందున్నది. ఇటు ఏలూరు కాలువ, అటు రైలుమార్గము, నడుమ కొండ. పల్లపు భూమి వెల అందక బీదలు కొండ నెక్కిరి. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో 1990 దశకమున విజయవాడలో మురికివాడల అభివృద్ధి పథకము నడచినది. కాని మెట్లు వేసినంతమాత్రమున కొండరాయి కదలక మానునా? 2024 ఆగస్టు 31న మొగల్రాజపురమున కొండచరియలు విరిగి ఇండ్లపై పడి ప్రాణములు పోయినవి. మరునాడే బుడమేరు పొంగి నగరపు పల్లములను ముంచినది. ఎక్కినవానికి రాయి, దిగినవానికి నీరు.

ఆ వానల తరువాత నా పూర్వవిద్యార్థి యొకడు నన్ను చూడవచ్చెను. తాపీమేస్త్రి, ముప్పదియేండ్లుగా ఊరివారికి ఇండ్లు కట్టుచున్నాడు, తానుండునది కొండవాలున పట్టా లేని రెండు గదులు. జీతపుచీటియు పట్టాయు లేవని అప్పు పుట్టలేదట. “ఊరికే ఇవ్వొద్దు మాస్టారూ, నెలనెలా కడతాను. కట్టించుకునేవాళ్లే కావాలి” అనెను. వ్యాకరణము చెప్పి జీవించినవాడనయ్యు, ఆ యొక్క క్రియాపదమునకు నేను ప్రత్యుత్తరము చెప్పలేకపోయితిని.

గడచిన శతాబ్దిలో మన డెల్టాలోని కులసంఘములు విద్యార్థి వసతిగృహములు కట్టించి పల్లెబిడ్డలను చదివించినవి. అది చదువునకు నీడ నిచ్చుట. ఇక కుటుంబమునకు నీడ నిచ్చు పని మిగిలియున్నది. సంఘమువారి కీ క్రింది మనవి చేయుచున్నాను. రాబోవు యేడు భోజనశాలను విస్తరించు ఖర్చులో సగము తీసి గృహనిధిగా ఏర్పరచవలెను. ఆ నిధిని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద వేరుగా రిజిస్టరు చేయించి, ఏటేట లెక్కలను మహాసభలో చదివి వినిపింపవలెను. స్థలమునకై ప్రభుత్వమును, కట్టుబడిలో అనుభవమునకై సేవాసంస్థలను ఆశ్రయింపవలెను. దస్తావేజు తేలనిదే పైక మీయరాదు. అది ఇల్లాలి పేరును చేర్చి వ్రాయవలెను.

కడపటి మాట చెప్పుటకు కొంత జంకుచున్నాను; అయినను చెప్పక మానను. ఆ నిధినుండి సాయము కోరువానిని కులమేదని అడుగరాదు. మనవారి సొమ్ము మనవారికే యని కొందరు పెద్దలు కోపింపవచ్చును. నా యింటికి పునాది తీసినవాడు మన కులమువాడు కాడు. కప్పు వేసిన మేస్త్రియు కాడు. గుణదల కొండమీద రాయి జారునపుడు అది ఎవరి కులమును అడుగదు. సామాన్యుల యిల్లు పొరుగువారి సాక్ష్యముపై నిలుచునని శాస్త్రమే చెప్పుచుండగా, ఆ పొరుగును మన గుమ్మమువరకే కొలుచుట న్యాయము కాదు.

నిధికి తొలి చందాగా నా పింఛనులో ఒక మాసపు మొత్తమును కార్యదర్శిగారికి ఒప్పగించితిని. అది ఒక గదికైనను చాలదు. పదిమంది కలిసినచో ఒక యింటికి పునాది పడును. ఆ యింటివాడు వాయిదా తెచ్చి యిచ్చు దినమున రసీదు వ్రాయుటకు నేను కూర్చుందును.